తాళం తీసిన ఇళ్లు

రచ్చ అనే మాటకు ఈ కాలంలో పట్టిన గతి చూస్తే నాబోటి తెలుగు పండితుడికి కొంచెం దిగులుగా ఉంటుంది. 'వాడు రచ్చ రచ్చ చేశాడు' అని పిల్లలంటే గోల చేశాడని అర్థం. నిజానికి సంస్కృతంలోని రథ్య, అంటే రథం నడిచే వీధి, ప్రాకృతం మీదుగా నడిచి వచ్చి తెలుగులో రచ్చ అయింది. నలుగురు నడిచే చోటు కనుక నలుగురు కూర్చునే చోటు కూడా అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాటలో రచ్చ అంటే సభ, లోకం. గుట్టు బయటపడితే రచ్చకెక్కింది అనడం మొదలైన నాటి నుండే ఆ మాటకు చెడ్డరోజులు దాపురించినట్టున్నాయి.

ఈ టపా ఆ రచ్చను గురించే. ఊరి నడుమ ఉండిన రచ్చ కనబడకుండా పోయి, పట్నంలో ఎవరో ఒకరు తాళం తీసి ఇచ్చిన ఇళ్లలో మళ్లీ ఎట్లా మొలిచిందో, అందులో మా ప్రాంతపు చరిత్ర ఎంత ఉందో కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. ఆలోచించడానికి నాకొక సొంత కారణం కూడా ఉన్నది. అది చివర చెబుతాను.

మాది ప్రజ్ఞాపూర్. హైదరాబాదు నుండి కరీంనగరం పోయే రాజీవ్ రహదారి మీద, గజ్వేలుకు తిరిగే మలుపు దగ్గరి ఊరు. ఒకప్పుడు మెదకు జిల్లా. 2016 అక్టోబరు నుండి సిద్దిపేట జిల్లా. ఇప్పుడు గజ్వేలు, ప్రజ్ఞాపూరు కలిసి ఒక్కటే పురపాలక సంఘం. ఆర్టీసీ డిపోకు కూడా రెండు పేర్లు కలిపే పెట్టారు. కనుక మేమూ పట్నవాసులమే అనుకోవాలి.

నా చిన్ననాడు కచ్చీరు ముందర కొంత ఖాళీ జాగా ఉండేది. బతుకమ్మలు అక్కడే పెట్టేవారు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు వస్తే డోలు చప్పుడు అక్కడి నుండే వినిపించేది. వ్యవసాయపు పనులు తీరినాక చిరుతల రామాయణం నేర్చుకునేవారు. ఆ కళను చూడని మిత్రుల కోసం ఒక మాట: చేతుల్లో చిరుతలు పట్టుకొని, వలయంగా తిరుగుతూ, పాడుతూ, అడుగు వేస్తూ ఆడే రామాయణమది. ఆడేవాళ్లు నటులు కారు. మంగలి, సాలె, కుమ్మరి, కాపు, ఎవరి పని వారు చేసుకొని రాత్రి దీపం పెట్టుకొని వచ్చేవాళ్లు. ఒక గురువు నెలల తరబడి నేర్పేవాడు. పలక మీద అ ఆలు దిద్దనివాడు కూడా రావణుడి సంవాదాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. నాకు తెలుగు మీద మొదటి మోజు పుట్టింది బడిలో కాదు, ఆ జాగాలోనే.

అది అందరి జాగా అని ఇప్పుడు చెప్పుకుంటాము. ఆ మాట పూర్తిగా నిజం కాదు. కొన్ని వాడల వారు ఎంత దూరంలో నిలబడి చూసేవారో నాకు బాగా గుర్తున్నది. వారికి ఆ హద్దును ఎవరూ గీసి చూపలేదు, చూపనవసరం లేకుండానే తెలుసు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. తోచకపోవడమే ఇప్పుడు వింతగా ఉన్నది.

ఆ జాగా ఇప్పుడు లేదు. ఎవరో దౌర్జన్యంగా లాక్కున్నారని కాదు. ఒకవైపు నీళ్ల ట్యాంకు, ఒకవైపు ఏదో ఒక ప్రభుత్వ గది, ఇంకొకవైపు దుకాణాలు, అట్లా పది పదిహేనేళ్లలో అరిగిపోయింది. రహదారి వెడల్పయినాక భూమి ధర గజాలలో చెప్పడం మొదలైంది. ఎక్కడ కాస్త ఖాళీ కనబడినా నాలుగు కడీలు పాతి, సున్నంతో నంబరు వేసి ఉంటుంది. 2019లో గజ్వేలులో మహతి ఆడిటోరియం కట్టారు, మంచి కట్టడం, పెద్ద సభలకు ఎంతో అనువైనది. కాని పదిమంది ముసలివాళ్లం, నలుగురు కుర్రవాళ్లం ఒక పద్యాన్ని గురించి గంటసేపు వాదించుకోవడానికి ఆడిటోరియం అడగలేము కదా! మాకు కావలసింది గది. ఒక కార్యాలయంలో వాడకం లేని గది ఒకటున్నదని తెలిసి అర్జీ పెట్టాము. ఏడాదిన్నర తిరిగాము. మొదటివాడు రెండవవాడిని అడగమన్నాడు, రెండవవాడు బదిలీ అయ్యాడు. గది ఇప్పటికీ తాళం వేసే ఉన్నది. అది ఏ కార్యాలయమో చెప్పుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అన్నిచోట్లా ఇదే కథ.

సరిగ్గా ఆ విసుగులో ఉన్నప్పుడే హైదరాబాదులో కొలువు చేసే పాత విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, ఒక్కసారి లామకాన్‌కు రండి" అన్నాడు.

జూబ్లీ బస్ స్టేషనులో దిగి, పంజాగుట్ట మీదుగా బంజారా హిల్సు చేరి, రోడ్డు నంబరు ఒకటి నుండి చీలిన సందులోకి వెళ్లాను. చుట్టూ అద్దాల భవనాలు, ఖరీదైన బజారు. వాటి నడుమ ఒక పాత ఇల్లు. పెద్ద బండరాయిని పగలగొట్టకుండా దానిని ఆనుకొని కట్టిన ఇల్లు. ఆవరణలో చెట్లు, చెట్ల కింద బల్లలు. ఒక మూల ఇద్దరు అమ్మాయిలు నాటకం పాఠం వల్లిస్తున్నారు. ఇంకొక మూల తెల్లగడ్డపు పెద్దమనిషి ఒంటరిగా ఉర్దూ పుస్తకం చదువుకుంటున్నాడు. నేను వాకిట్లో నిలబడి ఎవరిని అడగాలా అని చూశాను. అడిగేవాడు లేడు, ఆపేవాడూ లేడు. ధోవతి కట్టుకొని, చేతిలో గుడ్డసంచితో ఉన్న నన్ను ఎవరూ ఎగాదిగా చూడలేదు. కౌంటరు దగ్గర చాయ్, సమోసా కొనుక్కున్నాను. ఆ వీధిలోని ధరలతో పోలిస్తే అది నమ్మలేనంత తక్కువ. గిన్నె ఎవరికి వారే తీసి పెట్టాలి. అంతే నియమం.

లామకాన్ అన్న పేరు విని మొదట నేను పొరబడ్డాను. మన 'మకాం' దీనికి చుట్టమేమో అనుకున్నాను. కాదు. మకాం, అంటే బస, అరబ్బీ 'మఖామ్' నుండి వచ్చింది. మకాన్ వేరే ధాతువు. చోటు అని అర్థం, ఉర్దూలో ఇల్లు. 'లా' అంటే లేదు. లామకాన్ అంటే చోటు లేనిది, చోటుకు కట్టుబడనిది. సూఫీలు దైవాన్ని గురించి వాడే మాట అది. ఒక ఇంటికి ఇల్లు కానిది అని పేరు పెట్టడంలో చమత్కారమున్నది.

ఆ ఇల్లు మొయిద్ హసన్ అనే ఛాయాగ్రాహకునిది. ఆయన డాక్యుమెంటరీ చిత్రాలు కూడా తీశాడు. ఆయన గతించినాక ఇల్లు ఖాళీ అయింది. బంజారా హిల్సులో ఖాళీ ఇల్లు అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు: పడగొట్టి అంతస్తులు లేపుతారు. ఆ కుటుంబానికి చెందిన అష్హర్ ఫర్హాన్, హుమేరా అహ్మద్, మిత్రులు ఎలాహే హిప్టూలా, బిజూ మాథ్యూ కలిసి ఆలోచించి 2010 మార్చిలో దానిని అందరికీ తెరిచారు. ఎలాహే నాగేశ్ కుకునూర్ చిత్రాల ద్వారా చాలామందికి తెలుసు. బిజూ మాథ్యూ అమెరికాలో అధ్యాపకుడు, న్యూయార్కు టాక్సీ కార్మికులను సంఘటితం చేసినవారిలో ఒకడు. అప్పటి నుండి ఆ ఇంట్లో నాటకాలు, గజళ్లు, చలనచిత్రాలు, పుస్తకావిష్కరణలు, రాజకీయ చర్చలు జరుగుతున్నాయి. ఒక సాయంత్రం కబీరు పాటలు, మరొక సాయంత్రం రైతుల ఆత్మహత్యల మీద సభ. రాత్రి బండరాయి మీద దీపం వెలుగు పడి అదే తెరగా, అదే రంగస్థలంగా మారుతుంది.

ఆ చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు నాకు 1901 గుర్తుకు వచ్చింది.

ఆ సంవత్సరం సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. ఎక్కడ? రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వేంకట రంగారావు ప్రభృతులు ఆ పనికి పూనుకున్నారు. అప్పుడు నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు అత్యధిక సంఖ్యాకులు, కాని కచేరీ భాష ఉర్దూ, చదువు భాష ఉర్దూ. తెలుగులో ఒక పత్రిక చదవాలన్నా, తెలుగులో ఒక ఉపన్యాసం వినాలన్నా నలుగురు కూడే చోటు లేదు. ప్రభుత్వాన్ని అడిగి ఉంటే మా అర్జీకి పట్టిన గతే పట్టి ఉండేది. రంగారావు గారు అడగలేదు, తన ఇంటి తలుపు తీశారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. ఆ ఇల్లు ఉన్న పేట సామాన్యమైనది కాదు. రెసిడెన్సీ బజార్లు నిజాము గారి రాజధాని మధ్యలోనే ఉన్నా బ్రిటిషు రెసిడెంటు పాలన కింద ఉండేవి. 1933లో గాని అవి తిరిగి నిజాం చేతికి రాలేదు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవడమంటే అనుమతుల వ్యవహారం. 'గస్తీ నిశాన్ 53' అన్న ఉత్తరువు పేరు మా పై తరం వారికి కంఠతా వచ్చు. ముందుగా అనుమతి లేనిదే బహిరంగ సభ జరపరాదన్న ఉత్తరువది. మరి రెసిడెన్సీ పేటలో ఆ పట్టు కొంత సడలి ఉండేది. అంటే మన భాషానిలయం పుట్టింది ఒక గృహస్థు ఔదార్యం వల్ల మాత్రమే కాదు, ఆ ఇల్లు రెండు ప్రభుత్వాల సందున ఉండడం వల్ల కూడా. పుస్తకాల్లో మొదటిదే రాస్తారు. నా దృష్టిలో రెండవదీ తక్కువది కాదు. ఇల్లు ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ ఇంటి మీద కన్ను ఎవరిదన్నది ఇంకొక ప్రశ్న.

ఇరవై ఏళ్ల తరువాత, 1921 నవంబరులో, ఇంకొక ఘట్టం. హైదరాబాదులో వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. సభ మర్యాదగా విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే చప్పట్లు, ఈలలు, ఎగతాళి. ఆయన మాట సాగనివ్వలేదు. ఈ కథ తెలంగాణలో అందరూ ఎరిగినదే. కాని దాని రెండవ భాగం నాకు ముఖ్యం. అవమానపడిన తెలుగువారు ఆ రాత్రి ఎక్కడికి వెళ్లారు? టేకుమాల రంగారావు గారి ఇంటికి. పట్టుమని పదిమందో, మరొకరో ఎక్కువ. అందులో మాడపాటి హనుమంతరావు ఒకరు. ఆ ఇంట్లోనే ఆంధ్ర జనసంఘం పుట్టింది. పెద్ద హాలు వెళ్లగొట్టిన భాషను ఒక ఇంటి ముందుగది దాచుకున్నది. ఆ సంఘమే పెరిగి, 1930 మార్చిలో అప్పటి మా మెదకు జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిపింది. పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. జోగిపేట వంటి ఊరిలో 1930లో ఆడవాళ్లు సభ పెట్టుకోవడమంటే మాటలా!

అయితే ఆ ఇళ్లన్నీ ఎవరి ఇళ్లు? వకీళ్లవి, జమీందార్లవి, ఉద్యోగులవి. మా ఊరి కచ్చీరు జాగాలో దూరంగా నిలబడ్డవారు ఆ ముందుగదుల్లోకి మాత్రం తేలికగా రాగలిగేవారా? అందుకే భాగ్యరెడ్డి వర్మ 1906లోనే వేరే దారి తొక్కాడు. జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, పేటల్లోనే జనాన్ని కూర్చాడు. ఒకరి తలుపు తెరుచుకునేదాకా ఆగకుండా తమ చోటు తామే చేసుకున్నారు. గ్రంథాలయోద్యమ చరిత్ర రాసేవారు ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెడతారు. అది నాకు నచ్చదు. రెండూ ఒకే లోటు నుండి పుట్టాయి. కాకపోతే ఒకరి లోటు మరొకరి లోటు కంటె ఎన్నో రెట్లు పెద్దది.

తరువాతి కథ త్వరగా చెబుతాను. 1943 మే నెలలో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. అదీ కట్టించిన భవనంలో కాదు, విద్యార్థులుండే రెడ్డి హాస్టలులో. ఆ పరిషత్తు పెట్టిన విశారద పరీక్ష రాసినవాణ్ణి కనుక నాకు ఆ పేరు మీద కొంత పక్షపాతం ఉన్నది. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వమే సభాభవనాలు కట్టడం మొదలుపెట్టింది. రవీంద్రుని శతజయంతి పేర 1961లో రవీంద్రభారతి వెలిసింది. రవీంద్రుడు 1933లో హైదరాబాదు వచ్చి బంజారా హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ ఇంట బస చేసి, ఆ కొండల మీద ఒక కవిత రాశాడు. అప్పుడవి నిజంగా కొండలే. రవీంద్రభారతి వంటి హాళ్లు వచ్చినాక మన సభలకు వేదిక, శాలువ, పూలదండ, వందన సమర్పణ అలవాటయ్యాయి. నేను వాటిని తప్పు పట్టను, నాకూ ఒకటి రెండు శాలువలు కప్పారు. కాని వేదిక ఎత్తు పెరిగిన కొద్దీ కింద కూర్చున్నవాడు నోరు విప్పడం తగ్గింది. ముందుగది సభలో అట్లా కాదు. అక్కడ వక్తకూ శ్రోతకూ నడుమ చాయ్ గ్లాసు తప్ప మరేమీ ఉండదు.

మన బ్లాగ్మిత్రులకు ఈ తేడా నేను చెప్పనక్కరలేదు. యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో నెలకొక ఆదివారం తెలుగు బ్లాగరులు గడ్డి మీద చతికిలబడి, తెలుగు కీబోర్డుల గురించి, అరసున్న గురించి వాదించుకున్న రోజులు చాలామందికి జ్ఞాపకముండే ఉంటాయి. అధ్యక్షుడు లేడు, ఆహ్వానపత్రం లేదు. వాన పడితే చెట్టు కిందికి జరగడమే. ఆ పార్కులో కూర్చున్నవారికి ఒక గది దొరికి ఉంటే ఏమయ్యేదో అని నేనప్పుడప్పుడు అనుకుంటాను. బాగుపడేదో, పదాధికారులను ఎన్నుకొని చెడిపోయేదో!

ఖాళీ చోట్లను కళాకారులు నింపడం ఇతర దేశాల్లోనూ ఉన్నది. బెర్లినులో టెంపెల్‌హోఫ్ అనే పేటలో ఉఫా సినిమా సంస్థవారి పాత ఆవరణ పాడుబడి ఉండగా, 1979లో కొందరు యువతీయువకులు అందులోకి ప్రవేశించి 'ఉఫా ఫాబ్రిక్' పేర ఒక సాంస్కృతిక గ్రామంగా మార్చారు. నాటకం, సర్కస్, రొట్టెల భట్టీ అన్నీ ఒకే ఆవరణలో. వారు అనుమతి అడిగి లోపలికి పోలేదు. ముందు పోయి తరువాత నగర పాలకులతో ఒప్పందానికి వచ్చారు. మన దగ్గర అట్లా జరగడం కష్టం. మనకు ఖాళీ జాగాలోకి ముందుగా వెళ్లేవాడు కళాకారుడు కాదు, కడీలు పాతేవాడు. కనుక మన చరిత్రలో ఈ పని ఎప్పుడూ ఇంటి యజమాని మనసు మీదనే ఆధారపడింది. రావిచెట్టు వారు, టేకుమాల వారు, నూరేళ్ల తరువాత హసన్ గారి కుటుంబం. ముగ్గురూ ఇల్లు దానం చేయలేదు, అది గమనించాలి. ఇల్లు ఇంటివారిదే. వారు వదులుకున్నది ఒక్కటే: లోపలికి ఎవరు రావాలో నిర్ణయించే హక్కు. దానం కంటె అదే కష్టమని నాకిప్పుడు తెలిసింది. ఎట్లా తెలిసిందో చెబుతాను.

అంతకంటె ముందు లామకాన్ గురించి నా అసంతృప్తి కూడా చెప్పడం న్యాయం. నేను వెళ్లిన నాలుగైదు సార్లలో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ ఎక్కువ వినిపించాయి, తెలుగు తక్కువ. తెలుగు సభలు అక్కడ జరగవని కాదు. కాని మా ప్రజ్ఞాపూరు నుండి చిరుతల రామాయణం ఆడే మనిషిని తీసుకుపోయి ఆ ఆవరణలో నిలబెడితే, ఎవరూ ఆపకపోయినా అతడు గేటు దగ్గరే ఆగిపోతాడేమోనని నా అనుమానం. తలుపు తెరిచి ఉండడం వేరు, అది నా కోసమూ తెరిచి ఉన్నదని లోపలికి వచ్చేవాడికి అనిపించడం వేరు. ఈ రెండింటి నడుమ దూరం బంజారా హిల్సులో ఎంతో, మా ఊరిలోనూ అంతే.

ఇక నా సంగతి. రహదారి పక్కన నాకు రెండు మడిగెలున్నాయి, ఉద్యోగ విరమణ సొమ్ముతో కట్టించినవి. ఒకదాంట్లో కిరాణం. రెండవదాంట్లో ఉన్న జిరాక్సు అతను కరోనా కాలంలో, 2020లో, ఖాళీ చేసి వెళ్లాడు. తరువాత ఒకరిద్దరు వచ్చి పోయారు. నిరుడు దసరా నాటికి మళ్లీ ఖాళీ. ఏడాదిన్నర అర్జీ పట్టుకొని తిరిగిన నాకు, తాళం వేసిన గది నా చేతిలోనే ఒకటున్నదన్న తెలివి రావడానికి ఇంతకాలం పట్టింది. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

షటరు తీసి, ఊడ్చి, ఇంట్లోని పాత షత్రంజీ పరిచాను. గోడకు ఒక అల్మారా, అందులో నావి ఎనభై దాకా పుస్తకాలు. "ఏండ్లకేండ్లు బడిల చెప్పింది సాలలేదా?" అన్నది మా ఇంటావిడ, కాని చాయ్ ఫ్లాస్కు మాత్రం ఇచ్చి పంపింది. మొదటి ఆదివారం వచ్చినవారు ఐదుగురు, నలుగురం పింఛనుదారులమే. మనుచరిత్రలో వరూధిని తప్పు ఉన్నదా లేదా అని గంటన్నర వాదించుకున్నాము. తృప్తిగానే ఉన్నది, కాని నలభై ఏళ్లుగా వాదిస్తున్నదే అది.

మూడవ ఆదివారం డిగ్రీ చదివే కుర్రవాడొకడు షటరు దగ్గర నిలబడి చూస్తున్నాడు. రమ్మంటే వచ్చి, ఫోనులో రాసుకున్న కవితలు చదివాడు. ఛందస్సు లేదు, వర్ణక్రమ దోషాలు బోలెడు. ఎర్రసిరా కలం కోసం నా చేయి జేబులోకి పోయింది. పాత అలవాటు. ఆ కవిత వాళ్ల అమ్మ బీడీలు చుట్టే వేళ్లను గురించినది. చదివినాక ఎవరమూ మాట్లాడలేదు. కలం జేబులోనే ఉంచాను. తరువాతి వారం వాడు ముగ్గురిని వెంటబెట్టుకొని వచ్చాడు. వాళ్లు మా వరూధినిని పట్టించుకోలేదు. ఒకడు డప్పు తెచ్చాడు.

ఆ డప్పు దగ్గర చిక్కు వచ్చింది. మా పింఛను మిత్రులలో ఒకరు, 'సాహిత్య గోష్ఠి అని చెప్పి పిలిచి ఇదేమిటి?' అన్నారు. పైకి అన్నది చప్పుడు గురించి. లోపల ఉన్నది చప్పుడు ఒక్కటే కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన రావడం మానేశారు. ముప్పై ఏళ్ల స్నేహం, కష్టంగానే ఉన్నది. ఆయనకు కబురు పంపాను, ఇంకా పంపుతూనే ఉన్నాను. కాని డప్పు బయట పెట్టి రమ్మని ఆ పిల్లవాడికి చెప్పలేకపోయాను. కచ్చీరు జాగాలో దూరంగా నిలబడ్డవారి మనవడై ఉండవచ్చు వాడు. అడగలేదు.

ఆడవాళ్లు మొదట రాలేదు. సగం దించిన షటరు వెనుక మగవాళ్లు కూర్చుంటే ఎట్లా వస్తారు? పూర్తిగా ఎత్తి, బల్ల ఒకటి బయట వేసినాక, ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న ఆమె తన పని తెచ్చుకొని కూర్చుంది. తరువాత ఇంకొకరు. బతుకమ్మ పాటలు ఒకరిద్దరు పాడితే కుర్రవాళ్లు ఫోనుల్లో రికార్డు చేసుకున్నారు. నేను విననివి అందులో రెండున్నాయి, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాణ్ణి.

ఇప్పుడొక సెల్‌ఫోన్ల దుకాణం అతను ఆ మడిగె అడుగుతున్నాడు. నెలకు తొమ్మిదివేల కిరాయి, ఆరు నెలల అడ్వాన్సు. మా అబ్బాయి ఫోను చేసి, "బాపూ, ఆదివారం ఒక్కపూట కోసం నెల కిరాయి పోగొడతావా? మిగిలిన రోజులు వాడుకోనియ్యి" అన్నాడు. వాడిది లెక్క తప్పు కాదు. ఫోన్ల అతను ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఖాళీ ఇస్తానంటున్నాడు కూడా. కాని అద్దాల బీరువాల నడుమ డప్పు కొట్టనిస్తాడా? ఉగాది దాకా ఆలోచించుకుంటానని చెప్పాను.

నిన్న బజారుకు పోయి ఆ తాళానికి రెండవ చెవి చేయించాను. నాకు మోకాళ్ల నొప్పులు, వానాకాలంలో ప్రతి వారం పోలేను. ఆ చెవిని ఎదురుగా ఉన్న కుట్టుమిషను ఆమె దగ్గర పెట్టాను. ఎవరు అడిగితే ఇవ్వాలి అని అడిగింది. ఎవరు అడిగినా ఇవ్వమని చెప్పి ఇంటికి వచ్చాను. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అల్మారాలో పుస్తకాలున్నాయి కదా.